ఉమేదువారీ



మా తమ్ముని కుమారుడు బెంగుళూరులో ఉద్యోగాన్వేషణలో ఉన్నాడు. మొన్న పండుగకు వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పినాడు. దరఖాస్తు పంపి ఊరకే కూర్చుంటే లాభం లేదట. కొలువు ఇవ్వవలసిన అధికారి ఎవరో కనుక్కొని, లింక్డిన్‌లో నేరుగా ఆయనకే నాలుగు మాటలు వ్రాయాలట. "అది తప్పు కాదా నాయనా?" అని అడిగితే, "వ్రాయకపోతేనే తప్పు పెద్దనాయనా" అన్నాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. కారణం చివర చెప్పుకొంటాను.

ఈ పనికి మన కచేరీ భాషలో ఒక పాత పేరున్నది: ఉమేదువారీ. 'ఉమేదు' అనగా పారసీకంలో ఆశ. ఆశతో కాచుకొని ఉండేవాడు ఉమేదువారు. అంతకు మునుపు మాత్రం ఈ కాచుకోవడం లేదా అంటే, ఉన్నది. కవిసార్వభౌముడు శ్రీనాథుడు విద్యానగరంలో రాజదర్శనానికై పడిన పాట్లను చెప్పే చాటువు మీరందరూ ఎరిగినదే. అలవాటు లేని కుళ్ళాయి పెట్టి, ఒంటికి పడని తిండి తిని, పరదేశంలో పడిగాపులు పడిన ఆ నిష్ఠూరం దరఖాస్తుదారుని నిష్ఠూరమే. అంతటి వానికే వాకిట నిలబడక తప్పలేదు.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి దత్తం చేసినాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఈ ప్రాంతాన్ని ఏలినాడు. ఆయన మకాం మా అనంతపురమే. కలెక్టరు హుజూరు కచేరీలో దేశీయోద్యోగులకు పెద్ద శిరస్తాదారు. ఆ కాలంలో ఈ రాజధానిలోని కచేరీలలో క్రింది కొలువులకు పరీక్ష లేదు, ప్రకటన లేదు. కొలువు కావలసినవాడు వచ్చి కచేరీలో కూర్చునేవాడు. జీతం లేకుండా నకళ్ళు వ్రాసేవాడు, లెక్కలు నేర్చుకొనేవాడు, పై వారి కంట పడేవాడు. ఎక్కడైనా ఖాళీ వస్తే, కంట పడినవాణ్ణి అందులో కూర్చోబెట్టేవారు. ఈనాడు మనం 'అధికారిని నేరుగా కలవడం' అంటున్నామే, ఆనాడు నియామక పద్ధతి యావత్తూ అదే.

దీనిలో మేలు లేదనలేను. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, పన్నెండేళ్ళ ప్రాయంలో ఇట్లే చెన్నపట్టణపు కచేరీలో వాలంటీరుగా చేరి, క్రమంగా సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ అయినారు. ఏ పరీక్షాధికారి పన్నెండేళ్ళ బాలుణ్ణి చేర్చుకొంటాడు?

అయితే జీతం లేకుండా ఏళ్ళ తరబడి కూర్చోవడానికి ఇంట గింజలుండాలి, లేదా లోపల మేనమామ ఉండాలి. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే మా మెట్టలలో ఎందరికి ఆ వసతి? 1876 నాటి ధాత కరువులో కూలి గింజల కోసం రాళ్ళు కొట్టినవాని కొడుకు కచేరీ అరుగెక్కి ఎట్లా కూర్చుంటాడు? ఫలితం అందరూ ఊహించగలిగినదే. చాలా జిల్లాలలో లెక్కలు మరాఠీలో నడిచేవి. ఆ వ్రాత తెలిసిన కొద్ది కుటుంబాలే కచేరీలను పంచుకొన్నవి. గుంటూరులో ఈ బంధువర్గం ఎంతగా అల్లుకొన్నదంటే, వాల్టర్ ఎలియట్ దొర వచ్చి విచారణ జరిపి 1846లో నివేదిక సమర్పించవలసి వచ్చింది. 1854లో చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డు, కొలువులు కొన్ని పలుకుబడిగల కుటుంబాల గుత్తసొత్తు కాకుండా చూడవలెనని కలెక్టర్లకు స్థాయి ఉత్తర్వు ఇచ్చింది. సరిగా ఆ ఏడే ఇంగ్లండులోనూ నార్త్‌కోట్, ట్రెవెల్యన్‌లు సిఫారసు కొలువులు పోయి పరీక్ష రావాలని వ్రాసినారు. ఉత్తర్వు కాగితం మీద ఉన్నది; అరుగు మీద ఉమేదువార్లూ ఉన్నారు.

ఆ తరువాత చెన్నరాజధానిలో 1924లో స్టాఫ్ సెలక్షన్ బోర్డు, 1929 నాటి చట్టంతో సర్వీసు కమిషన్ వచ్చినవి. దేశంలో రాష్ట్ర స్థాయి కమిషన్లలో అదే మొదటిది. ఆ దారిలోనే, ప్రకటన అడుగున 'సిఫారసు చేయించుకొన్నవారు అనర్హులు' అనే వాక్యం మనకు పరిచితమైనది. తాతల నాటి రాజమార్గం మనుమల నాటికి నేరమైనది.

ఇక నా సంగతి. పండిత శిక్షణ ముగించి దరఖాస్తు పెట్టుకొన్న ఏడు ఆ వాక్యాన్ని నేను మా నాయనకు చదివి వినిపించినాను. ఆయన విని, "కాగితానికి మొగముంటాదా? నువ్వు పోయి మొగం చూపించల్ల" అన్నాడు. శనక్కాయ పీకే అదను. రెండు రోజుల పని మానుకొని నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కినాడు. ఆ ఆఫీసు వరండాలో నాబోటివాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లోనూ నిమ్మపండ్లు. మధ్యాహ్నం మా వంతు వచ్చింది. ఆ అధికారి తలెత్తకుండానే నిమ్మపండు అందుకొని ప్రక్కనున్న గంపలో వేసినాడు. పేరడిగి ఒక చీటీ మీద వ్రాసుకొన్నాడు. మూడు నిమిషాలు పట్టలేదు. మా నాయన చేతులు జోడించుకొని వెనక్కు నడుస్తూ బయటికి వచ్చినాడు. ఆయన ఎవరికీ అట్లా మొక్కగా నేను అంతకు ముందు చూడలేదు.

మరుసటి నెల ఉత్తర్వు వచ్చింది. నాతో శిక్షణ పొందిన ప్రక్క ఊరి మిత్రునికి మార్కులు నాకంటె ఎక్కువ. ఛందస్సులో నా సందేహాలు తీర్చినవాడు అతడే. వాళ్ళ నాయనకు బస్సు చార్జీ కూడా లేదు. అతనికి కొలువు మరి మూడేళ్ళకు గాని రాలేదు. ఆ చీటీ వల్ల నాకు వచ్చిందో, వరుసలో నా పేరు ముందే ఉన్నదో ఇప్పటికీ తెలియదు. తరువాత ఎన్నో వేసవి తరగతులలో ప్రక్కప్రక్కన కూర్చున్నాం. నిమ్మపండు మాట అతనితో ఎన్నడూ అనలేదు.

పిల్లవాణ్ణి, "ఏం వ్రాసినావో చూపించు" అన్నాను. ఫోను చూపించినాడు. మర్యాదగానే ఉన్నది. తాను చేసిన పని రెండు వాక్యాలలో, అడగదలచినది ఒక వాక్యంలో.

"జవాబు వచ్చిందా?"

"చూసినట్టు గుర్తు పడింది పెద్దనాయనా. జవాబు ఇంకా రాలేదు."