మెరుగు వేరు, పుట్టుక వేరు



అమెరికాలో పాత కార్ల అమ్మకపు ప్రకటనల్లో ఒక మాట తరచు కనిపిస్తుంది: 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ., పూర్తిగా పునరుద్ధరించినది. రంగు అద్దంలా మెరుస్తుంటుంది. అరవై ఏళ్లు దాటిన బండి నిన్ననే షోరూము నుంచి దిగినట్టు ఉంటుంది. అయితే తెలిసినవాడు ముందుగా ధర అడగడు. "ఇది పుట్టుకతోనే జి.టి.ఓ.యా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ కారు పుట్టుక తెలియాలి.

పాంటియాక్ అనేది జనరల్ మోటార్స్ సంస్థలో ఒక విభాగం. 1963లో ఆ సంస్థ తన విభాగాలన్నీ కార్ల పందేలకు దూరంగా ఉండాలని ఆదేశించింది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదన్న నియమం కూడా ఉండేది. పాంటియాక్ ముఖ్య ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన సహచరులు ఒక ఉపాయం పన్నారు. పెద్ద కార్లకు వాడే 389 ఘనపుటంగుళాల ఇంజనును, అంటే సుమారు 6.4 లీటర్లదాన్ని, మధ్యరకం కారులో అమర్చారు. నియమం కొత్త మోడళ్లకే కదా! అందుకని దీనిని కొత్త మోడల్ అనలేదు. లెమాన్స్ అనే కారు కొనేవారు సుమారు 296 డాలర్లు అదనంగా ఇచ్చి తీసుకునే సదుపాయం అన్నారు. 5,000 అమ్ముడైతే చాలనుకున్నారు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి. తేలిక ఒంటికి బరువైన ఇంజను తగిలించిన ఈ తరహా బండ్లకే తరువాత మజిల్ కార్లని, అంటే కండలు తిరిగిన కార్లని, పేరు స్థిరపడింది.

ఆ వైభవం పదేళ్లే నిలిచింది. కుర్రకారు నడిపే ఈ బండ్లకు బీమా రుసుములు పెరిగాయి. 1970లో వాయు కాలుష్య నివారణ చట్టం కట్టుదిట్టమైంది. 1971లో జనరల్ మోటార్స్ ఇంజన్ల శక్తి తగ్గించింది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. 1974తో తొలినాటి జి.టి.ఓ. ఆగిపోయింది. 2010 నాటికి పాంటియాక్ పేరే అంతరించింది.

ఇక చిక్కు ఎక్కడుందంటే, 1964, 1965 సంవత్సరాల జి.టి.ఓ.కు వేరే మోడల్ సంఖ్య లేదు. బండి సంఖ్య చూస్తే అది లెమాన్స్ అనే తెలుస్తుంది. 1966లో మాత్రమే జి.టి.ఓ. ప్రత్యేక మోడల్ అయింది. అంటే నాడు పై అధికారుల కన్ను కప్పడానికి పన్నిన ఉపాయమే నేడు కొనేవాడి కన్ను కూడా కప్పుతోంది! మామూలు లెమాన్స్‌కు పెద్ద ఇంజను, జి.టి.ఓ. అక్షరాలు తగిలిస్తే పైకి తేడా కనబడదు.

మరి నిజం తేల్చేదెలా? కర్మాగారం ఆనాడు రాసిన బిల్లుల నకళ్లు మైక్రోఫిల్ముల్లో మిగిలాయి. బండి సంఖ్య పంపి రుసుము చెల్లిస్తే నకలు దొరుకుతుంది. ఏ రంగు, ఏ ఇంజను, ఏ సదుపాయాలతో ఆ బండి బయటికి వెళ్లిందో అందులో ఉంటుంది. ఇంజను దిమ్మ మీద పోతపోసిన తేదీ కూడా ఉంటుంది. బండి తయారైన తేదీకన్నా ఇంజను తేదీ తరువాతిదైతే, ఆ ఇంజను దానితో పుట్టినది కాదు.

మన పల్లెల్లో ఎకరం పొలం కొనాలన్నా, కర్ణాటక వైపు పహాణీ, తమిళనాడు వైపు అడంగల్ చూడనిదే ఎవరూ బయానా ఇవ్వరు. పైరు పచ్చగా ఉంది కదా అని హక్కు నమ్మరు. ఇదీ అంతే.

పునరుద్ధరణ తప్పు కాదు. తుప్పు పట్టిన నేలరేకు మార్చకపోతే బండి నిలవదు. లెమాన్స్‌ను ముచ్చటపడి జి.టి.ఓ.లా తీర్చిదిద్దుకున్నా తప్పు కాదు. ఆ మాట దాచి అమ్మడమే తప్పు. ఏ రేకు మార్చారో, ఏ ఇంజను పెట్టారో ఉన్నదున్నట్టు చెప్పిన ప్రకటన కూడా ఒక చరిత్ర పత్రమే. దాచినది మాత్రం రేపటివాడికి అబద్ధాన్ని వారసత్వంగా ఇస్తుంది. రంగు ఎన్నిసార్లైనా కొత్తగా వేయవచ్చు. పుట్టుకను కొత్తగా రాయకూడదు.