సీలు వెనక సంగతి

మా మేనేజరుకి "లెట్స్ సీల్ ద డీల్" అన్నది ఊతపదం. మొన్న ఓ క్లయింటుతో ఆర్నెల్ల కాంట్రాక్టు కుదిరినప్పుడూ అదే అన్నాడు. నేను లాప్‌టాప్‌లో ఓ బటన్ నొక్కాను, పని అయిపోయింది. లక్కా లేదు, ముద్రా లేదు. మరి ఈ సీలు గోలేమిటా అని ఆలోచనలో పడ్డాను.

ఒకప్పుడు అది ఉత్తుత్తి మాటేం కాదు. 1215లో ఇంగ్లండు రాజు జాన్ మాగ్నా కార్టా మీద సంతకం చేశాడనుకుంటాం కదా, నిజానికి వేయించింది మైనపు ముద్ర. మామూలు మనుషుల దస్తావేజులకి సీలు అక్కర్లేదని అక్కడ చట్టం వచ్చింది 1989లో! మనవాళ్ళూ తక్కువేం తినలేదు. వేంగి చాళుక్యుల రాగిరేకు శాసనాలు చూడండి. రేకులన్నిటినీ గుచ్చి ఓ కడియం, దాని అతుకు మీద వరాహంతో "శ్రీ త్రిభువనాంకుశ" అన్న ముద్ర.

నాకు బాగా పట్టుకున్న కథ మాత్రం 1858 నాటిది. బెంగాల్లోని జంగీపూర్లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకి కంకర తోలే పనికి రాజ్యధర్ కొనాయ్ అనే అతనితో బేరం కుదుర్చుకున్నాడు. కొనాయ్ స్వదస్తూరీతో కాగితం రాశాడు. అయినా దొరకి నమ్మకం చాల్లేదు. తన ఆఫీసు సీలుకి వాడే సిరాయే అతని అరచేతికి పూసి, కాగితం వెనక అద్దించాడు. రేపు "నేను రాయలేదు" అనకుండా కాస్త బెదరగొడదామని అలా చేశానని హెర్షెలే తర్వాత రాసుకున్నాడు. ఆ అచ్చు చూశాక ఆయనకి వేలిముద్రల పిచ్చి పట్టుకుంది. 1877లో హుగ్లీలో పెన్షన్లకీ, రిజిస్ట్రేషన్లకీ వాటిని వాడించాడు.

ఆ సిరా మా నాయనమ్మ బొటనవేలి దాకా వచ్చింది. నా ఎమ్మెస్ ఫీజుల కోసం ఆవిడ పేరనున్న రెండెకరాలు అమ్మినప్పుడు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి నేనే తీసుకెళ్ళాను. దస్తావేజు లేఖరి గడగడా చదివేశాడు. ఆవిడకి ఏం అర్థమైందో అడగాలని కూడా నాకు తోచలేదు. "ఎక్కడెయ్యాలిరా?" అంటూ నేను చూపించిన చోటల్లా వేలు అద్దింది. బయటికొచ్చి, వేలికున్న సిరా తలకి రాసుకుని, "ఇంక దిగుల్లేదుగా, బాగా చదువుకో" అంది.

ఉద్యోగం రాగానే ఆ పొలం మళ్ళీ కొంటానని బస్సులో ఆవిడకి మాటిచ్చాను. దానికి కాగితమూ లేదు, సాక్షులూ లేరు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. పొలం ఇంకా వేరేవాళ్ళ పేరనే ఉంది. ఈసారి మా మేనేజరు ఆ మాట అన్నప్పుడల్లా నాకు మాత్రం ఈ బేరమే గుర్తొస్తుంది.