కట్టెల పొయ్యికి ఏ కట్టె మంచిది? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రైతులకు సూచనలు

ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఉన్నా మన ఊళ్లలో కట్టెల పొయ్యి ఆరలేదు. పొద్దున స్నానాలకు కాగు పెట్టాలన్నా, నాట్లకు వచ్చిన పదిమంది కూలీలకు వండాలన్నా వాకిట్లో పొయ్యి వెలగాల్సిందే. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో కట్టె దొరికే తీరు ఒక్కలా ఉండదు. జనగామ వైపు తుమ్మ, తాటి మట్ట, కంది కట్టె ఎక్కువ. మహబూబాబాద్ వైపు పత్తి కట్టె, మిరప కట్టె, మక్క బెండ్లు. భూపాలపల్లి వైపు అడవి కట్టె. ఏది వాడినా ముందు చూడాల్సింది అది ఏ చెట్టు కట్టె అని కాదు, ఎంత ఎండింది అని.

తడి కట్టెతో నష్టం ఎంత?

అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. ఏ జాతి కట్టె అయినా బాగా ఎండితే కిలోకు సుమారు 4,500 కిలో క్యాలరీల వేడి ఇస్తుంది. జాతుల మధ్య ఈ లెక్కలో తేడా కొద్దిగానే ఉంటుంది. క్వింటా పచ్చి కట్టె కొంటే అందులో అసలు కట్టె 50 కిలోలు, మిగతా 50 కిలోలు నీరు. ఆ నీరు ఆవిరి కావడానికే కట్టె ఇచ్చే వేడిలో దాదాపు ఏడో వంతు పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. తడి వల్ల మంట చల్లబడి, కట్టె పూర్తిగా కాలక కొంత పొగగా పోతుంది. ఆ పొగ వంట చేసే ఆడవాళ్ల ఊపిరితిత్తుల్లోకి, పక్కన ఆడుకునే పిల్లల ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి తూకానికి కొనేటప్పుడు ఎండిన కట్టెనే అడగండి. పచ్చిది తక్కువ ధరకు వస్తుందంటే ధర కనీసం సగానికి దిగితేనే లెక్క సరిపోతుంది.

ఎండిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొడితే ఎండినవి ఖంగున మోగుతాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఎండిన కట్టె చివర్లలో పగుళ్లు కనిపిస్తాయి, బెరడు చేత్తో లాగితే ఊడుతుంది. ఇంకా అనుమానముంటే ఒక ముక్కకు గుర్తు పెట్టి వారానికోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిపోతే ఆ కుప్ప పొయ్యికి సిద్ధమైనట్టే.

ఎండబెట్టే పద్ధతి

కట్టెను మాఘ, ఫాల్గుణ మాసాల్లో కొట్టుకుంటే ఎండాకాలం మొత్తం చేతిలో ఉంటుంది. మొద్దును మణికట్టు లావు చెక్కలుగా చీల్చాలి, ఎందుకంటే తడి బెరడులోంచి కన్నా చీల్చిన పక్క నుంచి తొందరగా పోతుంది. మన ఎండలకు ఇలాంటి చెక్కలు రెండు మూడు నెలల్లో ఎండుతాయి. చీల్చని మొద్దులు ఆరు నెలలైనా లోపల పచ్చిగానే ఉంటాయి. నేల మీద పేరిస్తే చెదలు పడతాయి, అందుకే కింద రాళ్లో ఇటుకలో పెట్టి, మధ్యలో గాలి ఆడేలా పేర్చండి. వానలు మొదలయ్యాక పైన మాత్రమే తాటిపత్రి కప్పి పక్కలు వదిలేయాలి. కుప్పను నాలుగు పక్కలా బిగించి కప్పితే లోపల బూజు పడుతుంది. కుప్ప కదిపేటప్పుడు తేళ్లు, పాములు ఉంటాయని మరవకండి. ముందు కర్రతో కదిపి తర్వాత చేయి పెట్టండి.

ఏ చెట్టు కట్టె ఎలా కాలుతుంది?

నల్ల తుమ్మ బరువైన కట్టె. మంట నిదానంగా, నిప్పులు చాలాసేపు ఉంటాయి కాబట్టి అన్నం, పప్పు ఉడకడానికి దీనికి మించింది లేదు. చెరువు శిఖాల్లో, బీడు భూముల్లో పెరిగే సర్కారు తుమ్మ కూడా దాదాపు అంతే మంచిది. కొట్టినచోట మళ్లీ చిగురిస్తుంది, కొడితే ఎవరికీ నష్టం లేదు. ముళ్లు మాత్రం చెప్పుల్లోంచి కూడా దిగుతాయి. ముల్లు గుచ్చుకుంటే పుండు పడేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లి టీటీ సూది వేయించుకోండి.

సుబాబుల్ తొందరగా ఎండుతుంది, తొందరగా కాలిపోతుంది. కాగు కాచడానికి అది చాలు. నీలగిరి కట్టె ఎండాక గొడ్డలికి లొంగదు, పచ్చిగా ఉండగానే చీల్చుకోవాలి. తాటి మట్టలు, మక్క బెండ్లు మంట అంటించడానికి బాగుంటాయి గానీ వంట మొత్తానికి ఆగవు. బూరుగు, మునగ తేలిక కట్టెలు, మోసుకొచ్చిన శ్రమ కూడా దక్కదు.

వేప బాగానే కాలుతుంది, కానీ నిలబడి ఉన్న వేపను పొయ్యికోసం కొట్టడం నా లెక్కలో నష్టం. ఏటా దాని గింజలు కషాయానికి పనికొస్తాయి. 2021 చివర్లో తెగులు సోకి తెలంగాణ అంతటా వేప కొమ్మలు మాడిపోయినప్పుడు చెట్టు చచ్చిందనుకుని కొందరు నరికేశారు, నరకని చెట్లలో చాలా వరకు తర్వాత చిగురించాయి. ఎండిన కొమ్మలు మాత్రం తీసుకోండి.

గన్నేరు, పచ్చ గన్నేరు కట్టెను పొయ్యిలో పెట్టకండి, అవి విషపు మొక్కలు. అడవిలో దొరికే నల్లజీడి కట్టె పొగకు కళ్లు, ఒళ్లు మండి దద్దుర్లు వస్తాయి. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు, పురుగుమందు డబ్బాల అట్టలు కూడా వద్దు. మంట అంటుకోవడానికి ప్లాస్టిక్ కవర్ వేయడం చాలా ఇళ్లలో అలవాటు. దాని బదులు నాలుగు తాటి కమ్మలు దగ్గర పెట్టుకోండి.

పత్తి కట్టెతో జాగ్రత్త

పంట కట్టెల్లో కంది కట్టె అన్నిటికన్నా మేలు. గట్టిగా ఉంటుంది, కోత నాటికే సగం ఎండి ఉంటుంది. మిరప కట్టెకు కాయలు మిగలకుండా చూడండి, ఒక్క కాయ కాలినా వాకిట్లో నిలబడలేరు.

అసలు చిక్కు పత్తి కట్టెతోనే. కట్టెకు మిగిలిపోయిన గుడ్డి కాయల్లో గులాబీ రంగు పురుగు లార్వాలు నిద్రావస్థలో ఉంటాయి. కట్టెను ఇంటి పక్కన, చేను గట్టు మీద కుప్ప పోసి వానాకాలం దాకా ఉంచితే అందులోంచి రెక్కల పురుగులు వచ్చి కొత్త పత్తి పూతలో గుడ్లు పెడతాయి. బీజీ-2 విత్తనం ఈ పురుగును ఇప్పుడు ఆపలేకపోతోంది. పొయ్యిలో మిగిలే రెండు రూపాయల కోసం రేపటి పంటను పణంగా పెట్టినట్టవుతుంది. మీ కుప్ప ఒక్కటే కాదు, పక్కవాడి కుప్ప కూడా మీ చేనుకు ముప్పే. అందుకే ఊరంతా ఒకేసారి చేయాల్సిన పని ఇది.

జనవరికల్లా పత్తి తీత ముగించి, మేకలను, గొర్రెలను చేనులో వదిలి కాయలు మేపించండి. మిగిలిన కట్టెను ష్రెడ్డర్‌తో గానీ రోటవేటర్‌తో గానీ ముక్కలు చేసి నేలలో కలపడం మంచిది. పొయ్యికి కావాలంటే గుడ్డి కాయలన్నీ ఏరి కాల్చేసి, కట్టె మాత్రమే తెచ్చుకుని మే నెలాఖరుకు పూర్తిగా వాడేయాలి. మిగులుతుందనిపిస్తే ముందే తక్కువ తెచ్చుకోండి. ఈ విషయంలో మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ మీ ఏఈవోను గానీ సంప్రదించవచ్చు.

అడవి, అనుమతి

రిజర్వు అడవిలో పచ్చి చెట్టు కొట్టడం నేరం. సొంత పట్టా భూమిలో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అవసరం కావచ్చు. గొడ్డలి పట్టే ముందు అటవీ సిబ్బందిని అడగండి. భూపాలపల్లి గనుల పక్క ఊళ్లలో బొగ్గు దొరికినా కట్టెల పొయ్యిలో వేయకండి. దాని పొగలో గంధకం, విష వాయువులు ఉంటాయి.

చలికాలంలో నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దు. ఎర్రటి నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పంట కట్టెలు, పురుగుల గురించి సందేహాలుంటే కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు.