ఓయూలో కొత్తగా చేరారా..? టిఫిన్ నుంచి బకెట్ దాకా ఎక్కడేం దొరుకుతుందో చూడండి

ఉస్మానియా యూనివర్సిటీలో సీటు వచ్చిందంటే ఊళ్లో స్వీట్లు పంచుతారు. హైదరాబాద్‌లో బస్సు దిగాకే అసలు కథ మొదలవుతుంది. అడ్మిషన్ అయిన రోజే హాస్టల్ రూమ్ తాళం చేతికి రాదు. రూమ్ వచ్చేదాకా మెస్ కార్డు ఉండదు. ఈ మధ్యలో నడిచే రోజుల్లోనే జేబు ఖాళీ అవుతుంది.. కడుపు కూడా ఖాళీగానే ఉంటుంది. ఆదిలాబాద్, నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల నుంచి లెక్కపెట్టి తెచ్చుకున్న డబ్బులతో వచ్చే పీజీ స్టూడెంట్స్‌కి మొదటి నెల ఖర్చే పెద్ద పరీక్ష. క్యాంపస్ చుట్టుపక్కల తిండి ఎక్కడ, సామాన్లు ఎక్కడ, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అన్నది ఒకసారి చూద్దాం.

ముందు దిక్కులు తెలుసుకోవాలి

ఓయూ క్యాంపస్ చిన్నది కాదు. ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి "బయట టిఫిన్ సెంటర్ ఎక్కడన్నా?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చూపిస్తారు. అందరూ చెప్పేది నిజమే. ఒకవైపు తార్నాక, సీతాఫల్‌మండి.. ఇంకోవైపు హబ్సిగూడ, రామంతాపూర్.. ఎన్‌సీసీ గేట్ దాటితే విద్యానగర్, అడిక్‌మెట్, ఆ ముందుకు నల్లకుంట.. శివం రోడ్డు మీదుగా వెళ్తే బాగ్ అంబర్‌పేట, డీడీ కాలనీ. మీ హాస్టల్ ఏ గేటుకు దగ్గరో ముందు చూసుకోండి. రోజూ తినే చోటు ఆ గేటు దగ్గరే వెతుక్కోవాలి. ఎక్కడో తార్నాకలో బాగుందని విద్యానగర్ వైపు ఉండేవాళ్లు రోజూ ఆటో ఎక్కితే టిఫిన్ కంటే ఆటో ఖర్చే ఎక్కువ అవుతుంది.

రవాణా విషయంలో మాత్రం ఓయూ వాళ్లు అదృష్టవంతులే. తార్నాక, హబ్సిగూడలో మెట్రో స్టేషన్లు ఉన్నాయి. రెండూ నాగోల్-రాయదుర్గం లైన్‌లోవే. క్యాంపస్‌ను ఆనుకుని ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా, విద్యానగర్ అనే మూడు రైల్వే స్టేషన్లున్నాయి. ఎంఎంటీఎస్ ఎక్కితే ఒకవైపు సికింద్రాబాద్, మరోవైపు కాచిగూడ. రైలు టైమింగ్స్ ఒకసారి చూసి పెట్టుకుంటే సామాన్లు కొనడానికి ఇదే అన్నిటికన్నా చౌక ప్రయాణం. అమ్మాయిలకైతే 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. దగ్గర్లో ఎక్కువ రేటు పెట్టి కొనడం కంటే బస్సెక్కి కోఠి వెళ్లి రావడమే లాభం.

మెస్ దొరికితే సగం బాధ తీరినట్టే

ఎంత రుచి లేదని తిట్టుకున్నా, రోజూ వేళకు అన్నం పెట్టేది హాస్టల్ మెస్సే. యూనివర్సిటీ హాస్టళ్లలో సాధారణంగా నెల మొత్తం అయిన ఖర్చును తిన్నవాళ్ల లెక్కతో భాగించి బిల్లు వేస్తారు. కాబట్టి ఊరెళ్లేటప్పుడు మెస్ ఆఫీసులో చెప్పి, రాసి వెళ్లడం అలవాటు చేసుకోవాలి. ఎన్ని రోజులు ముందు చెప్పాలి, కనీసం ఎన్ని రోజులు లేకపోతే తగ్గిస్తారు అన్నది మీ హాస్టల్ సీనియర్లనే అడగండి. చాలామంది కొత్తవాళ్లు పండక్కి వారం రోజులు ఇంటికెళ్లి, తినని భోజనానికి కూడా బిల్లు కడుతుంటారు.

ఇక్కడో లెక్క చూడాలి. తెలంగాణ ప్రభుత్వం 2024లో సంక్షేమ హాస్టళ్ల డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవారికి నెలకు రూ.1,500 ఉన్నది రూ.2,100 అయింది. అంటే రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం.. అన్నీ ఇందులోనే. అదే బయట తింటే? పూటకు సగటున 80 రూపాయలు వేసుకున్నా రోజుకు 240, నెలకు 7,200. ఆదివారం బిర్యానీ, సాయంత్రం చాయ్ ఇందులో లేవు. మెస్ కార్డు కోసం కొత్త స్టూడెంట్స్ ఎందుకు తిరుగుతారో ఈ తేడా చూస్తే అర్థమైపోతుంది.

రూమ్ అలాట్ అయ్యేలోపు చాలామంది సీనియర్ల రూముల్లో సర్దుకుంటారు. మెస్‌లో గెస్ట్ టోకెన్ ఇస్తారేమో అడిగి డబ్బు కట్టి తినడం మంచిది. ఊరివాడని, జిల్లావాడని ఒకరి ప్లేట్‌లో ఇద్దరు తినడం ఓయూలో కొత్తేం కాదు. కానీ అది ఒకట్రెండు రోజులకే బాగుంటుంది.

పొద్దున బండి, మధ్యాహ్నం కర్రీ పాయింట్

తార్నాక, విద్యానగర్, నల్లకుంట.. ఏ వైపు వెళ్లినా పొద్దున్నే టిఫిన్ బండ్లు కనిపిస్తాయి. ఇడ్లీ, వడ, మైసూర్ బోండా, పూరీ, దోశ. పల్లీ చట్నీ, అల్లం చట్నీ ఎంత అడిగితే అంత పోసే బండి దగ్గర జనం ఎక్కువ ఉంటారు. జనం ఎక్కువ ఉన్నచోటే తినడం మంచిది. సరుకు నిల్వ ఉండదు, వేడిగా దొరుకుతుంది. పది దాటాక మిగిలిన చట్నీతో వడ్డించే బండి జోలికి పోవద్దు.. ఎండాకాలంలో అసలే వద్దు.

మధ్యాహ్నానికి కర్రీ పాయింట్‌ను మించింది లేదు. రూమ్‌లో అన్నం వండుకుని పప్పు ఒకటి, వేపుడు ఒకటి పార్సిల్ తెచ్చుకుంటే ముగ్గురు తినొచ్చు. హైదరాబాద్‌లో బ్యాచిలర్లు బతికేది సగం వీటి మీదే. హోటల్‌లో తినాల్సి వస్తే "ప్లేట్ మీల్స్" వేరు, "ఫుల్ మీల్స్" వేరు అన్నది గుర్తుంచుకోండి. ప్లేట్ మీల్స్‌లో రెండోసారి అన్నం అడిగితే ఎక్స్‌ట్రా వేస్తారు. కూర్చునే ముందే రేటు అడగడంలో మొహమాటం ఏమీ లేదు.

సాయంత్రం అయితే జొన్న రొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. రోడ్డు పక్కన అప్పటికప్పుడు చేసి ఇచ్చే రొట్టె, ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి ఉంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. ఫాస్ట్ ఫుడ్ బండి మీద ఎగ్ రైస్ కంటే కడుపుకు ఇది చాలా నయం. చాయ్ సంగతి చెప్పక్కర్లేదు.. ఇరానీ హోటల్లో "వన్ బై టూ" చెబితే ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసిస్తారు. పక్కన ఉస్మానియా బిస్కెట్. యూనివర్సిటీకి, బిస్కెట్‌కి పేరు వచ్చింది ఒకే నిజాం నుంచి, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నుంచి.

కాస్త డబ్బులు చేతిలో ఉన్న రోజు హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8 ఉండనే ఉంది. తినుబండారాలు, బట్టల షాపులు అన్నీ ఒకే వీధిలో. సరదాగా ఒక సాయంత్రానికి బాగుంటుంది, నెల ఖర్చు లెక్కలో మాత్రం పెట్టుకోవద్దు.

చేతిలో నిజంగా డబ్బుల్లేని రోజులుంటాయి. స్కాలర్‌షిప్ పడదు, ఇంటి నుంచి ఇంకా పంపరు. అలాంటప్పుడు టిఫిన్ మానేసి పడుకునే స్టూడెంట్స్ ఉన్నారు. నగరంలో 2014 నుంచి జీహెచ్ఎంసీ 5 రూపాయల భోజన కేంద్రాలు నడుస్తున్నాయి. అన్నపూర్ణ క్యాంటీన్లుగా మొదలైన వీటికి ఇప్పుడు ఇందిరా క్యాంటీన్లని పేరు మార్చారు. ఆస్పత్రులు, జనం ఎక్కువగా తిరిగే సెంటర్ల దగ్గర ఇవి ఉంటాయి. మధ్యాహ్నం త్వరగా వెళ్లాలి, అయిపోతే అంతే సంగతులు. ఆ లైన్‌లో నిలబడేవాళ్లలో కూలీలు ఉంటారు, కోచింగ్‌కి వచ్చినవాళ్లూ ఉంటారు. సిగ్గుపడాల్సిన పనే లేదు.

ప్రైవేట్ హాస్టల్ అయితే ఒక పూట తిని చూడండి

యూనివర్సిటీ హాస్టల్ రానివాళ్లు విద్యానగర్, నల్లకుంట, తార్నాక వైపు ప్రైవేట్ హాస్టళ్లు చూసుకుంటారు. గోడ మీద మెనూ అన్నిచోట్లా బ్రహ్మాండంగా ఉంటుంది. అడ్వాన్స్ కట్టే ముందు డబ్బులిచ్చి ఒక రాత్రి భోజనం అక్కడే చేయండి. రాత్రే ఎందుకంటే మధ్యాహ్నం వండింది రాత్రికి ఎలా పెడుతున్నారో అప్పుడే తెలుస్తుంది. తాగే నీళ్ల ఫిల్టర్ పనిచేస్తోందా, ఆదివారం రాత్రి వంట ఉంటుందా, ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో అడ్వాన్స్‌లో ఎంత కోస్తారు.. ఈ మూడూ ముందే అడగాలి. కోత ఎంతో రసీదు మీద రాయించుకోండి. నోటి మాట ఖాళీ చేసే రోజు పనికిరాదు.

రూమ్ తీసుకుని వండుకునేవాళ్లకు 5 కేజీల చిన్న గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి. ఆయిల్ కంపెనీల డీలర్ల దగ్గర గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. రోడ్డు పక్క షాపుల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి నింపించుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. ఇండక్షన్ స్టవ్ అయితే ఓనర్‌కి చెప్పి పెట్టుకోవాలి, కరెంటు బిల్లు గొడవ తర్వాత రాకుండా.

బియ్యం, పచ్చళ్లు, కారప్పొడి ఇంటి నుంచి తెచ్చుకోవడమే మేలు. రెండు పూటలా అన్నం తినేవాళ్లకు నెలకు పది కేజీలు అటుఇటుగా పడతాయి. మోసుకురాలేకపోతే ఆర్టీసీ కార్గోలో వేయించుకోవచ్చు. కూరగాయలకు నల్లకుంట మార్కెట్ దగ్గర. కాలనీల్లో వారానికోసారి సాయంత్రం రోడ్డు మీద సంత పెడతారు. ఏ రోజు ఏ కాలనీలో అన్నది పక్కింటి వాళ్లను అడిగితే చెప్తారు. చీకటి పడ్డాక వెళ్తే రేటు దిగుతుంది. చేపలు కావాలంటే ఆదివారం పొద్దున రాంనగర్ మార్కెట్.

బకెట్ ఇక్కడ, పుస్తకాలు అక్కడ

బకెట్, మగ్గు, చాప, దోమతెర, తాళం, ఎక్స్‌టెన్షన్ బాక్స్.. ఇవన్నీ మొదటి రోజే కావాలి. ఇవి విద్యానగర్, తార్నాక షాపుల్లోనే కొనేయండి. వీటి కోసం ఊరంతా తిరగడం దండగ. కుక్కర్, గిన్నెలు, ప్లేట్లు మాత్రం నలుగురు రూమ్‌మేట్స్ కలిసి ఒకేసారి బేగంబజార్‌లోనో, సికింద్రాబాద్ మోండా మార్కెట్ చుట్టుపక్కలో కొంటే తేడా కనిపిస్తుంది. బట్టలకు కోఠి సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్. ఇక్కడ చెప్పిన రేటుకు కొంటే నష్టపోయినట్టే. సగం నుంచి బేరం మొదలుపెట్టండి, ఇవ్వనంటే రెండడుగులు ముందుకేయండి.. వాళ్లే పిలుస్తారు.

పుస్తకాలు కొత్తవి కొనే ముందు కోఠిలో పాత పుస్తకాల షాపులు చూడాలి. ఆదివారం అయితే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల బజార్ ఉంటుంది. పోటీ పరీక్షల మెటీరియల్ అయితే అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు. పాత పుస్తకం తీసుకునేటప్పుడు సిలబస్ మారిందేమో, మధ్యలో పేజీలు ఉన్నాయో లేదో తిప్పి చూసుకోండి. ల్యాప్‌టాప్ రిపేర్‌కి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీకి అందరూ వెళ్తారు. రేటు ముందే మాట్లాడుకుని, పార్ట్ మారిస్తే పాతది తిరిగి అడిగి తీసుకోవాలి.

మోసం ఎక్కడ, ఫిర్యాదు ఎక్కడ

ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ కంటే "కూలింగ్ చార్జ్" అని రెండు రూపాయలు ఎక్కువ తీసుకునే షాపులు ఉంటాయి. అది చట్ట విరుద్ధం. హోటల్‌లో కూర్చుని తినేటప్పుడు ఇచ్చే వాటర్ బాటిల్‌కు మాత్రం ఈ రూల్ వర్తించదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అక్కడ గొడవపడి లాభం లేదు, మామూలు నీళ్లు అడగండి. బిల్లులో సర్వీస్ చార్జ్ కలిపితే మాత్రం తీసేయమనొచ్చు. అది తప్పనిసరి కాదు. ఫిర్యాదు చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

తిండి దగ్గర నిర్లక్ష్యం అసలు పనికిరాదు. 2024 అక్టోబర్‌లో బంజారాహిల్స్‌లో రోడ్డు పక్కన మోమోస్ తిని ఒక మహిళ చనిపోయారు, పదుల సంఖ్యలో జనం ఆస్పత్రి పాలయ్యారు. ఆ వెంటనే పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. షాపులో ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబర్ కనిపించేలా ఉండాలి. లేకపోయినా చాలాచోట్ల వ్యాపారం నడుస్తూనే ఉంది, అది వేరే సంగతి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ముందు క్యాంపస్‌లోని హెల్త్ సెంటర్‌కి వెళ్లండి. తగ్గకపోతే నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది, ప్రభుత్వ ఆస్పత్రి. టైఫాయిడ్, కామెర్ల లాంటి వాటికి హైదరాబాద్ జనం ఏళ్ల తరబడి వెళ్లేది అక్కడికే.

ఇంకో విషయం.. ఎండాకాలం సెలవుల్లో హాస్టళ్లు, మెస్‌లు మూసే రోజులు వస్తాయి. సరిగ్గా అదే సమయంలో పోటీ పరీక్షలు ఉంటాయని స్టూడెంట్స్ రూముల్లోనే ఉండిపోతారు. 2024లో నీళ్లు, కరెంటు కొరతతో హాస్టళ్ల మూసివేత నోటీసు పెద్ద గొడవే అయింది. మార్చి నెలలోనే మెస్ ఎప్పటిదాకా ఉంటుందో కనుక్కుని, ఏప్రిల్, మే నెలలకు బయట నెలవారీ భోజనం ఇచ్చే మెస్‌తో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఇంట్లో వండి నెల లెక్కన భోజనం పెట్టే చిన్న మెస్‌లు కాలనీల్లో ఉంటాయి. బోర్డు ఉండదు, సీనియర్లకు తెలుస్తుంది. నెల డబ్బు మొత్తం ఒకేసారి కట్టకుండా పదిహేను రోజులకోసారి ఇస్తామని చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు.