డమాస్కస్ కత్తి వెనక మన కోనసముద్రం ఉక్కు!

మామిడిపల్లి నుంచి ఇంకో ఎపిసోడ్. ఆన్‌లైన్‌లో ‘1950ల అమెరికన్ డమాస్కస్ హంటింగ్ నైఫ్’ అని కనిపిస్తే నాకైతే వెంటనే డౌటే. ఎందుకంటే అలల గీతల కత్తులు అక్కడ మళ్ళీ ఫేమస్ అయింది 1973లో, బిల్ మోరన్ తను చేసినవి చూపించాకే. అవి రెండు రకాల స్టీల్‌ని పొరలుగా పేర్చి, కాల్చి, సుత్తితో అతికించినవి.

పాతకాలం డమాస్కస్ కత్తి వేరు. దానికి పేరిచ్చింది సిరియా నగరం, ఉక్కు ఇచ్చినవాళ్ళలో మనవాళ్ళున్నారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము కరిగించి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవాళ్ళు. అవి కొనడానికి ఇరాన్ వ్యాపారులు ఆ ఊరికే వచ్చేవాళ్ళు. ఇదంతా హెన్రీ వోయ్‌సీ రాశాడు, 1832లో అచ్చయింది.

ఆ ఉక్కులో పొరలూ అతుకులూ ఉండవు. అందులో కార్బన్ దాదాపు 1.5 శాతం. సాగగొడుతుంటే కార్బన్ ఎక్కువున్న గట్టి రేణువులు వరసలు కడతాయి. మనకి కనిపించే నీటి అలలు అవే. డిజైన్ అచ్చుగుద్దినట్టు రిపీట్ అవుతోందా? అయితే అది ఆ ఉక్కు కాదు.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘వూట్జ్’ అంటారు. అది మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందని చాలామంది పండితుల మాట. పేరు డమాస్కస్‌కి పోయింది, చెమట మాత్రం మన కమ్మరిది. అందుకే ఈసారి ఎవరైనా డమాస్కస్ అంటే, కోనసముద్రం పేరు కూడా చెప్పండి.