ఇబ్రహీంపట్నపు చెరువు: శరణాగతరక్షణమును రాజనీతియు

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో ఇబ్రహీంపట్నమను నూరు కలదు. కృష్ణాతీరమున బెజవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నము వేఱు. ఇది రంగారెడ్డి జిల్లాలోనిది. ఇచ్చటి పెద్దచెరువును, ఊరి పేరును గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాను తలపునకు దెచ్చును. ఆయన 1550 మొదలు 1580 వఱకు రాజ్యమేలెను. చెరువులు కట్టించినవాడనియు, తెలుగు కవులను మన్నించినవాడనియు మనవా రాయనను కొనియాడుదురు. తళ్లికోట యుద్ధమున విజయనగరమును కూల్చినవారిలో నొకడనియు నిందింతురు. ఈ పొగడ్తకును ఈ నిందకును వెనుకనున్న సంగతి యొకటి పలువురు మఱచిపోయిరి. సింహాసన మెక్కకమునుపు ఆయన ఏడేండ్లు పరరాజ్యమున తల దాచుకొన్న శరణార్థి. ఆయనకు శరణమిచ్చినది విజయనగరమే.

ప్రాణభయముతో పారివచ్చినవానిని లోనికి రానీయవలెనా? రానిచ్చినచో ఎవరి సొత్తులోనుండి వానికి పాలీయవలెను? ఇచ్చినపిమ్మట వానినుండి ఏమి కోరవలెను? ఈ మూడు ప్రశ్నలును నేటి మంత్రులకు ఎదురైనట్లే నాటి మంత్రులకును ఎదురైనవి. వారు చెప్పిన సమాధానములెట్టివో, వాని ఫలమెట్టిదో ఇబ్రహీము కథవలన మనము చక్కగా తెలిసికొనవచ్చును.

గోలకొండ వంశమునకు మూలపురుషుడైన సుల్తాన్ కులీ పారసీక దేశమందలి హమదానువాడు. స్వదేశమున తన తెగ ఓడిపోగా బహమనీ రాజ్యమునకు వలసవచ్చి, కొలువు సంపాదించి, తుదకు తెలంగాణమున స్వతంత్రుడయ్యెను. 1543లో ఆయన గోలకొండ మసీదున ప్రార్థన చేయుచుండగా హత్య జరిగెను. దానికి ప్రేరకుడు కుమారుడు జంషీదే. తండ్రిని చంపించి, అన్నకు కన్నులు తీయించిన జంషీదు తమ్ముని మాత్రము విడుచునా? అప్పుడు దేవరకొండలో నుండిన ఇబ్రహీము తొలుత బీదరునకు పరుగెత్తెను. అచ్చటి ప్రభువైన అలీ బరీదు ఆశ్రయ మిచ్చెనుగాని, వచ్చినవాని ఏనుగులపైనను సొమ్ముపైనను ఆయనకు కన్నుపడెను. శరణార్థిని దోచుకొనువానియొద్ద ప్రాణము మాత్రము నిలుచునా? ఇబ్రహీము ఆ చోటును విడిచి దక్షిణమునకు సాగి విజయనగరము చేరెను.

ఆ కాలమున విజయనగరమునకు పేరునకు చక్రవర్తి సదాశివరాయలు. రాజ్యభారమంతయు అళియ రామరాయలది. కావున గోలకొండ రాకుమారుని చేర్చుకొనుటయో త్రోసివేయుటయో ఆయన చేతిలోని పని. రామరాయ లాతనిని మర్యాదతో చేర్చుకొని జాగీరు నిచ్చెను. గోలకొండ చరిత్రకారు డొకడు చెప్పినదానినిబట్టి రామరాయలును తన యౌవనమున సుల్తాన్ కులీ కొలువులో నుండి, అచ్చట ఆదరము తప్పినపిమ్మట విజయనగరమునకు వచ్చినవాడే. అట్టివానికి నెలవు తప్పినవాని బాధ తెలియకుండదు. అయినను ఇది వట్టి దయయనుకొనుట పొరపాటు. పొరుగురాజ్యపు గద్దెకు హక్కుగల యువకుడు తన యింట నుండుట మంత్రికి చేతిలో బాణమున్నట్లే.

రామాయణమున విభీషణుడు శరణుజొచ్చినప్పుడు సుగ్రీవుడు వలదనెను, హనుమంతుడు గ్రహింపదగుననెను. రాముడందఱి మాటయు విని పిమ్మట అభయమిచ్చెను. శరణాగతరక్షణము ధర్మమని మన పెద్దలు నమ్మినను, సభలో విచారించి చేయవలసిన రాజకార్యమనియు వారెఱిగియే యుండిరి.

ఇక రెండవ ప్రశ్న. ఇబ్రహీమునకిచ్చిన జాగీరు అంతకుమునుపు అంబరుఖానుడను హబ్షీ సరదారు క్రిందనుండినదని ఫెరిస్తా వ్రాసియున్నాడు. తన భూమి పోయినదన్న కడుపుమంటతో అంబరుఖానుడు ఇబ్రహీమును దారిలో నడ్డగించి దూషించెను. మాటకు మాట పెరిగి కత్తులు దూసికొనిరి. ఆ ద్వంద్వయుద్ధమున అంబరుఖానుడు చచ్చెను. చరిత్రకారు లీ సంగతిని ఇబ్రహీము పరాక్రమమునకు తార్కాణముగా చెప్పుదురు. నాకు మాత్రము చచ్చినవాని మొఱయే వినబడుచున్నది. అతిథికి అన్నము పెట్టవలసినదే; కాని ఇంటి యజమాని తన విస్తరిలోనిది పెట్టక, పంక్తిలో కూర్చున్న వేఱొకని విస్తరి లాగి పెట్టినచో ఆ యిద్దఱికిని వైరము తప్పదు. ఔదార్యమనెడి పేరు యజమానిది; పోగొట్టుకొన్నది మఱియొకడు; ద్వేషమును మోసినవాడు అతిథి.

ఆ యేడేండ్లును ఇబ్రహీమునకు వ్యర్థము కాలేదు. తెలుగుకవులకు ఆయన మల్కిభరాము డయ్యెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఆయన యధికారియైన అమీనుఖానునకు పొన్నికంటి తెలగన్న అచ్చతెలుగున రచించిన యయాతిచరిత్ర అంకితమయ్యెను. ఈ తెలుగు మక్కువకు విజయనగరపు వాసము దోహదము చేసియుండునని తలచుట తప్పుకాదు.

1550లో జంషీదు చనిపోయెను. పసివాడైన కుమారుని గద్దెపై కూర్చుండబెట్టగా గోలకొండ సరదారులలో కలతలు పుట్టి, కొందఱు ఇబ్రహీమునకు కబురంపిరి. ఆయన తిరిగివచ్చునప్పుడు కోయిలకొండ దుర్గమందలి నాయకవాడీలు ఆయనపక్షము వహించి, తమ విశ్వాసమును ప్రమాణపూర్వకముగా తెలుగు శాసనమున చెక్కించిరి. పారసీకుని కొడుకునకు తెలుగు సైనికులు తెలుగున మాట ఇచ్చిరి! వలసవచ్చిన వంశమొకటి రెండవతరమునకే నేలలో వేరూనిన దనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

మూడవ ప్రశ్న యిచ్చటినుండి మొదలగును. 1559 ప్రాంతమున రామరాయలు అహమదునగరముపై దండెత్తినప్పుడు ఇబ్రహీము తన సైన్యముతో వెంట నడవవలసివచ్చెను. పూర్వపు ఆశ్రయము ఇప్పుడు ఋణపత్రమయ్యెను. ఇంతలో జగదేవరావు సంగతి వచ్చిపడెను. ఇబ్రహీమును గద్దెనెక్కించినవారిలో ఆయన ముఖ్యుడు. పిమ్మట ఆయనయే వేఱొక రాకుమారుని నిలుపజూచి, బయటపడి, బీరారునకు పోయి, తుదకు విజయనగరమున శరణుజొచ్చెను. రామరాయలు ఆయనను చేర్చుకొనెను. ఒకనాడు ఇబ్రహీమునకు తెఱచిన వాకిలియే నేడు ఇబ్రహీము శత్రువునకు తెఱచుకొనెను! తాను ప్రవేశించినప్పుడు ధర్మద్వారముగా కనబడినది తన పగవాడు ప్రవేశించినప్పుడు కుట్రద్వారముగా కనబడుట మానవస్వభావము. అటుపిమ్మట రామరాయల సేనలు గోలకొండ సీమలోనికి వచ్చెను. పానగల్లు మొదలగు కోటలు చేజాఱెను. 1565 జనవరి 23వ తేదీన తళ్లికోట యుద్ధమున సుల్తానుల కూటమిలో ఇబ్రహీమును నిలిచెను. ఆశ్రయమిచ్చిన రామరాయలు ఆ దినముననే హతుడయ్యెను.

ఇబ్రహీము కృతఘ్నుడా? యుద్ధానంతరము విజయనగరమునకు గలిగిన నాశము తలచుకొన్న తెలుగువానికి మనసు కలుక్కుమనకమానదు. ఆ నిందను పూర్తిగా తుడిచివేయ నేను సాహసింపను. కాని రామరాయలును శరణాగతులను పావులుగా నడిపినవాడే. బహుమానముగా ఇచ్చినదానికి కృతజ్ఞత కోరవచ్చును; ఎత్తుగడగా ఇచ్చినదానికి ఎదురెత్తే ఫలము.

వలసవచ్చినవారి చేతికి మంత్రిత్వమే దక్కుట దక్కనులో క్రొత్త కాదు. బహమనీ ప్రధాని మహమూదు గవాను గీలానునుండి వచ్చినవాడు. ఆయన పరదేశీయులకును దక్కనీయులకును అధికారములను తూకము చూచి పంచెను. అయినను పగవారు సృష్టించిన దొంగజాబువలన 1481లో శిరచ్ఛేదము పొందెను. అస్తరాబాదునుండి వచ్చిన మీర్ మోమిను గోలకొండకు పీష్వాయై, 1591లో హైదరాబాదు నగరనిర్మాణమున ముఖ్యుడై, ఈ నేలలోనే నిద్రించుచున్నాడు.

తరువాత అసఫ్‌జాహీల కాలమున 1853 మొదలు 1883 వఱకు దివానుగా నుండిన మొదటి సాలారుజంగు పాలనను చక్కదిద్దుటకై ఉత్తరాదినుండి విద్యావంతులను రప్పించెను. సయ్యదు హుస్సేను బిల్‌గ్రామీ, మొహసినుల్‌ముల్కు వంటివారు అట్లు వచ్చినవారే. రాజ్యమునకు మేలు కలిగెను. కాని చదివికొన్న స్థానికులకు కొలువులు కఱవయ్యెను. అంబరుఖానుని మొఱ మరల వినవచ్చెను. ఈ తడవ అది కత్తిగా మాఱక చట్టముగా మాఱుట గమనింపదగినది. 1919లో వెలువడిన ముల్కీ నిబంధనలు ఇచ్చట పుట్టినవారికో, 15 ఏండ్లు స్థిరముగా నివసించి, స్వస్థలమునకు తిరిగిపోవు తలంపు లేదని ప్రమాణపత్ర మిచ్చినవారికో కొలువులని నిర్ణయించెను. అనగా పరదేశి ఎప్పటికిని పరదేశి కాడు. ఈ యూరే నా యూరని మనసార ఒప్పుకొన్నవానికి తలుపు కలదు. ఆ నిబంధనలు సరిగా నడువకపోవుటచే 1952లో హైదరాబాదున అలజడి చెలరేగి కాల్పులవఱకు పోయెను. 1973లో అవి రద్దయ్యెను. వాని లోపములెట్లున్నను, పోగొట్టుకొనువాని మాటయు రాజ్యము వినవలెననెడి సూత్రము వానిలో నుండెను.

నేటి సంగతి చూతము. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థి ఒడంబడికలో మన దేశము చేరలేదు. అయినను 1959లో వచ్చిన టిబెట్టువారికిని, 1983 తరువాత వచ్చిన సింహళద్వీపపు తమిళులకును ఆశ్రయమిచ్చెను. విదేశీయులకును ప్రాణరక్షణపు హక్కు కలదని సర్వోన్నత న్యాయస్థానము 1996లో చక్మాల వ్యవహారమున చెప్పెను. పాత చట్టములకు మాఱుగా 2025లో వలసవచ్చువారిని, విదేశీయులనుగూర్చి క్రొత్తచట్టము వచ్చినది. అందును శరణార్థి యెవడో చెప్పబడలేదు. ఎవరికి మినహాయింపో, ఎవరికి కాదో ప్రభుత్వపు ఉత్తరువే తేల్చును. 2012 తరువాత బర్మానుండి పారివచ్చిన రోహింగ్యాలలో కొందఱు ఈ రంగారెడ్డి జిల్లాలోనే బాలాపురము పరిసరములలో గుడిసెలు వేసికొనిరి. వారు ఉండవచ్చునా, పోవలెనా యను వివాదము పెద్దది, దానినిక్కడ తీర్చలేము. కాని నాలుగువందల యేబదియేండ్ల నాటివలెనే నేడును శరణము పాలకుల మనసుపై నిలిచియుండుట మాత్రము మనము గుర్తింపవలసియున్నది.

చదువరులారా! రామరాయల తలుపు తెఱచుటలో తప్పులేదు. అది సూత్రము లేక తెఱచుకొనుటయు, వేఱొకని జాగీరుతో తెఱచుకొనుటయు, వచ్చినవానిని ఆయుధముగా ఎంచుటయు తప్పులు. ఎవనిని చేర్చుకొందుమో ముందుగా వ్రాసికొని, చేర్చుకొన్న భారమును బీదవాని నెత్తిన మాత్రమే వేయక అందఱము పంచుకొని, చేర్చుకొన్నవాని కష్టమును మన పగకు వాడుకొనకుండిననాడు శరణాగతరక్షణము నిజముగా ధర్మమగును. చదువుకొన్న గృహములలో ఈ విచారము జరుగనిది మంత్రుల సభలో జరుగునని యాశించుట వ్యర్థము.

ఇబ్రహీంపట్నపు చెరువుకట్టమీద నిలిచిన బాటసారికి ఆ నీరు ఏ మతమువాడు, ఏ దేశపువాడు నిలిపెనో అడుగవలెనని తోచదు. దానిని నిలిపిన రాజవంశము పరదేశమునుండి వచ్చినది. ఆ రాజు ఒకప్పుడు ప్రాణములు చేతబట్టుకొని పరుల వాకిట నిలిచినవాడు. ఆనాడా వాకిలి మూసియున్నచో ఈ యూరి కీ పేరు వచ్చియుండదు.