రంపపు పొట్టు ఎరువుగా మారాలంటే...

అండమాన్ దీవులకు రసాయన ఎరువు సముద్రం దాటి రావాలి. సేంద్రియ ఎరువుకు ముడిసరుకు మాత్రం అక్కడే ఉంది. గోల్ ఘర్ ప్రాంతం ఉన్న పోర్ట్ బ్లెయిర్‌ (2024 నుంచి శ్రీ విజయ పురం)లో చాథం కోత మిల్లు 1883 నాటిది. 2002లో సుప్రీంకోర్టు ఆంక్షలతో కలప కోత తగ్గినా కొబ్బరి, వక్క తోటల వ్యర్థం ఏటా వస్తూనే ఉంది.

రంపపు పొట్టును నేరుగా మడిలో చల్లడం మాత్రం తప్పు. ఒక పాలు నత్రజనికి అందులో 200 నుంచి 500 పాళ్ల దాకా కర్బనం ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేల నుంచే లాక్కుంటాయి. ఎరువు వేశామనుకున్న పైరు పసుపుపచ్చగా మారుతుంది! అందుకే పేడ, గ్లైరిసిడియా వంటి పచ్చి ఆకు కలిపి ఆ నిష్పత్తిని 25-30కి దించాలి. పొట్టు మెత్తగా అణిగిపోతుంది కాబట్టి గాలి ఆడేలా కుప్పను తిరగేయాలి.

కోనసీమ పీచు మిల్లుల దగ్గర గుట్టలు పడే కొబ్బరి పొట్టుదీ ఇదే కథ. అందులోని లిగ్నిన్ ఓ పట్టాన కుళ్లదు. ప్లూరోటస్ అనే పుట్టగొడుగు జాతి శిలీంధ్రం దాన్ని విడగొడుతుంది. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా వేయమనే పద్ధతి ఒకటుంది; సేంద్రియ సాగుదారులకు అది పనికిరాదు.

అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. కుప్పపై కప్పు లేకపోతే పోషకాలన్నీ కొట్టుకుపోతాయి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, చెదల మందు పట్టించిన కలప పొట్టు అసలు కలపకూడదు. కుప్ప వేడి తగ్గి, నల్లబడి, మట్టి వాసన వచ్చాకే తోటకు వేయాలి.